2020 లాక్‌డౌన్‌లో చిన్న వ్యాపారం నడిపినవాళ్ళు అసలేం చేశారు? మా నాన్నకి చెప్పాలి

పాలకొల్లు_పచ్చళ్ళు

అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు. హైదరాబాద్‌లో ఏడేళ్ళు ఉద్యోగం చేసి మానేసి వచ్చేశాను, నేనూ మా ఆవిడా కలిసి పచ్చళ్ళు, పొడులు, సారె పిండివంటలు చేసి అమ్ముదామని అనుకుంటున్నాం, మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు కూడా చూసుకున్నాం, అడ్వాన్స్ ఇవ్వడం ఒక్కటే మిగిలింది. ఆగింది మా నాన్న దగ్గర. ఆయనకి బస్టాండ్ దగ్గర టిఫిన్ హోటల్ ఉండేది, 18 ఏళ్ళు సొంత డబ్బుతోనే, ఎక్కడా అప్పు లేకుండా నడిపారు. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ అని షట్టర్ దించారు, రేపు పొద్దున్నే తీసేద్దాం అని ఆ రాత్రి ఇడ్లీకి మినప్పప్పు కూడా నానబోశారు. మళ్ళీ ఆ షట్టర్ ఆయన చేత్తో ఎత్తింది సామాను అమ్మేసినప్పుడే.

ఇప్పుడు నేను షాపు మాట ఎత్తగానే "జనం రోడ్డెక్కకపోతే నీ షాపు ఎవరికోసంరా" అంటారు, నా దగ్గర జవాబు లేదు. ఆన్‌లైన్‌లో అమ్ముతాను నాన్నా అంటే ఆయనకి నమ్మకం కుదరట్లేదు, నిజం చెప్పాలంటే నాక్కూడా పూర్తిగా తెలీదు.

అందుకే అడుగుతున్నానండి, మన గోదావరి జిల్లాల్లో ఆ టైంలో చిన్న వ్యాపారం చేసినవాళ్ళు ఉంటే మొదటి నెల ఏం చేశారు, చేతిలో డబ్బు ఎలా సర్దుకున్నారు, పనివాళ్ళ సంగతేంటి, ఏది కలిసొచ్చింది ఏది ముంచింది చెప్పండి. మూసేసినవాళ్ళు కూడా చెప్పండి దయచేసి, అది కూడా నాకు కావాలి. నాన్నకి అన్నీ చదివి వినిపిస్తాను.

ఆత్రేయపురం_అక్క

తమ్ముడూ, నీ పోస్టు చదువుతూ ఆ నానబోసిన పప్పు దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఆ రోజు నానింది బియ్యం. మాది పూతరేకుల పని, రావులపాలెం హైవే పక్కన మా ఆయనకి చిన్న షాపు, వచ్చేపోయే కార్లూ బస్సులూ ఆగితేనే మాకు బేరం. ఆ ఏడు ఉగాది మార్చి 25న, సరిగ్గా దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజే. ఉగాదికీ ఆ వెనకాలే వచ్చే శ్రీరామనవమికీ అని 60 కేజీల నెయ్యి కొని పెట్టేశాం, చుట్టేసిన బాక్సులు 300 దాకా ఉన్నాయి. బెల్లంవి ఎక్కువ రోజులు ఉంచలేం కదా, ఊళ్ళో పంచాం, రోడ్డు మీద డ్యూటీ చేసే పోలీసులకీ ఆశా వర్కర్లకీ ఇచ్చేశాం. అబద్ధం ఎందుకు, మొదటి పది రోజులూ ఏమీ చెయ్యలేదు, టీవీ చూస్తూ కూర్చున్నాం.

అయితే చుట్టిన పూతరేకు వేరు, ఉత్త రేకు వేరు. కుండ బోర్లించి కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి గుడ్డ పిండిలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రెప్ప వేసేలోపు రేకు లేచొస్తుంది, దాంట్లో తడి ఉండదు, నెయ్యి ఉండదు, గాలి తగలకుండా డబ్బాలో పెట్టుకుంటే చాలా రోజులు ఉంటుంది. మా దగ్గర రేకులు తీసే ఆడవాళ్ళు తొమ్మిది మంది, అందరి ఇళ్ళల్లోనూ కుండ ఉంది, పొయ్యి ఉంది, పని వాళ్ళ చేతుల్లో ఉంది. ఒక్కచోట కూర్చోకూడదు అన్నారు అంతేగా, సరే అని బియ్యం ఇంటింటికీ ఇచ్చేశాం, వాళ్ళే రుబ్బుకుని వాళ్ళింట్లోనే తీసి సాయంత్రం గుమ్మంలో పెట్టేవారు, మా ఆయన సైకిల్ మీద వెళ్ళి తెచ్చేవాడు. రెండు నెలలు సగం కూలే ఇవ్వగలిగాం, మిగతాది బియ్యం, నూనె ఇచ్చి సర్దాం, దసరాకి బాకీ మొత్తం తీర్చేశాం. ఒక్కరు కూడా మమ్మల్ని వదిలి వెళ్ళలేదు.

మరి ఎవరికి అమ్మడం? మా ఆయనకి ఒక అలవాటు ఉంది, పెద్ద ఆర్డర్ ఇచ్చిన ప్రతి ఒక్కళ్ళ పేరూ ఫోన్ నంబరూ ఏ శుభకార్యానికి తీసుకున్నారో కూడా ఒక పొడుగు పుస్తకంలో రాసేవాడు. ఎందుకండీ ఈ చాదస్తం అని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఏప్రిల్‌లో ఒక రోజు కూర్చుని లెక్కపెడితే 640 నంబర్లు ఉన్నాయి. రోజుకి ముప్పై మందికి ఫోన్ చేశాను. కొనండి అని కాదు తమ్ముడూ, అసలు ఏం అమ్మాలో నాకే తెలీదు అప్పటికి, మీ అమ్మాయి పెళ్ళికి పూతరేకులు ఇచ్చినవాళ్ళం అండి ఎలా ఉన్నారు అని అడిగేదాన్ని. పది నిమిషాలు మాట్లాడేవాళ్ళు, ఇంట్లోంచి కదల్లేక మాట్లాడే మనిషి కోసం చూస్తున్నారు అందరూ. చివర్లో వాళ్ళే అడిగేవారు, మాకు పంపగలరా అని.

మొదట పంపింది అరటికాయల లారీలో. రావులపాలెం మార్కెట్ నుంచి హైదరాబాద్ వెళ్ళే లోడుకి అనుమతి ఉంది కదా, తెలిసిన డ్రైవర్ బాబు ఒకతను 12 బాక్సులు క్యాబిన్‌లో పెట్టుకుని తీసుకెళ్ళాడు, అక్కడ వాళ్ళ బంధువు స్కూటర్ మీద ఇళ్ళకి ఇచ్చాడు. తర్వాత కొరియర్లు తీశాక ఉత్త రేకులు విడిగా, నెయ్యి సీసా విడిగా, పంచదార పొడి విడిగా పెట్టి మీరే చుట్టుకోండి అని పంపాం. మొదటి 20 పార్సిళ్ళలో 14 పొడి పొడి అయిపోయాయి. అందరికీ డబ్బు వెనక్కి వేసేశాం. నాకు ఇంకా గుర్తు, ఒకావిడ ఫోటో పెట్టింది, డబ్బా నిండా తెల్లగా ఊక లాగా ఉంది. తర్వాత తెలిసింది, రేకుకి బరువు వల్ల దెబ్బ లేదు, ఖాళీ వల్లే దెబ్బ. డబ్బాలో చిటికెనవేలు దూరేంత జాగా ఉన్నా కదిలి కదిలి విరిగిపోతుంది. అట్టముక్కలు కింద ఒకటి పైన ఒకటి పెట్టి, పక్కల్లో కాగితం కుక్కి, ఊపితే చప్పుడు రాకుండా కట్టడం నేర్చుకున్నాం. చుట్టేముందు తడిగుడ్డ ఎలా అద్దాలో మా కోడలు ఫోన్‌లో వీడియో తీసి పంపేది.

షాపు తియ్యొద్దని నేను చెప్పను. షాపుకి వచ్చిన ప్రతి మనిషి నంబరూ మొదటి రోజు నుంచే రాసుకో.

కడియపులంక_మొక్కలు

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్ళు. మా సంగతి ఇంకోరకం బ్రదర్, నర్సరీకి షట్టర్ ఉండదు. లాక్‌డౌన్ అని మొక్క నీళ్ళు తాగడం మానదు కదా. ఎకరంన్నర నర్సరీ మాది, లోడు ఎక్కువ ఉత్తరాది రాష్ట్రాలకి వెళ్ళేది, మార్చి ఆఖరుకి ఒక్క లారీ లేదు. పూల తోటలు వేసుకున్నవాళ్ళ పరిస్థితి మాకన్నా ఘోరం, గుళ్ళు మూత, పెళ్ళిళ్ళు లేవు, కోసిన పూలు గట్టు మీద పారబోస్తుంటే చూడలేకపోయాం.

మాకు ఎవరూ చెప్పని నష్టం ఒకటి వచ్చింది. మొక్కని మామూలుగా కొన్నాళ్ళకోసారి జరుపుతూ ఉండాలి, జరపకపోతే వేరు కవర్ చీల్చుకుని నేలలోకి దిగిపోద్ది. కూలీలు రాలేకపోయారు, మేం ఇంట్లో నలుగురం నీళ్ళు పెట్టడమే సరిపోయేది, మే నెలలో ఒక మామిడి అంటు పట్టుకుని లాగితే రాలేదు, పక్కది లాగితే అదీ రాలేదు. వరస మొత్తం నేలకి పాతుకుపోయింది. వేర్లు కోసి పెద్ద కవర్లలోకి మార్చాం, మూడోవంతు చచ్చిపోయాయి, బతికినవి మాత్రం పెద్ద మొక్కలై తర్వాత ఏడాది మంచి రేటు వచ్చింది, అది మా తెలివి కాదు, అలా కలిసొచ్చింది అంతే.

మేం కావాలని చేసిన మార్పు చిన్న మొక్కలది. ఇళ్ళల్లో ఉన్న జనం మిద్దె మీద తోటలు మొదలెట్టారు, ఆకుకూర విత్తనాలు, వంగ టమాట నారు, తులసి, తిప్పతీగ అయితే అడగని మనిషి లేడు. అంతకుముందు తిప్పతీగ మా కంచె మీద ఊరికే పాకేది. రాజమండ్రి, కాకినాడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో మొక్కల ఫోటోలు పెట్టి, ఒక్కో అపార్ట్‌మెంట్‌కి వారంలో ఒక రోజు అని ఆటోలో వేసుకెళ్ళి గేటు దగ్గర ఇచ్చేవాళ్ళం. విడివిడిగా ఇళ్ళకి తిరిగితే ఆటో కిరాయి కూడా రాదు, నువ్వు డోర్ డెలివరీ పెడితే ఈ లెక్క ముందు వేసుకో. ఆ గ్రూపులు ఇప్పటికీ నడుస్తున్నాయి, లారీ లోడ్లు మళ్ళీ వచ్చినా వాటిని వదల్లేదు.

టెంట్‌హౌస్_మనిషి

మూసేసినవాళ్ళని కూడా చెప్పమన్నావు కాబట్టి రాస్తున్నా. నాది షామియానా, కుర్చీలు, పెళ్ళి మండపం డెకరేషన్. 2020 జనవరిలో కొత్త మండపం సెట్ కొన్నాను, నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చి, వేసవి ముహూర్తాల్లో తీరిపోద్ది అని. ఏప్రిల్, మే ముహూర్తాలు మొత్తం పోయాయి. ఆ తర్వాత పెళ్ళికి 50 మందిని మించకూడదు అన్నారు, 50 మందికి ఎవరు టెంట్ వేస్తారు, వరండాలో అయిపోయేవి పెళ్ళిళ్ళు.

పుచ్చుకున్న అడ్వాన్సులు వెనక్కి ఇవ్వాలి. కొంతమంది తర్వాత చూద్దాంలే అన్నారు, కొంతమందికి నిజంగా అవసరం, ఒకాయన ఆసుపత్రి ఖర్చుకి అడిగాడు. ఒక వ్యాన్ అమ్మి అందరివీ ఇచ్చేశాను. రెండో వ్యాన్‌లో కూరగాయలు వేసుకుని ఊళ్ళు తిరిగాను నాలుగు నెలలు, దానిమీద ఇల్లు గడిచింది, వడ్డీ గడవలేదు. 2021 మేలో మళ్ళీ కర్ఫ్యూ వచ్చింది, మధ్యాహ్నం 12 దాటితే బయట కనిపించకూడదు, అప్పటికి నాకు ఓపిక అయిపోయింది. మండపం సెట్ కొన్న రేటులో మూడోవంతుకి అమ్మేశాను. ఇప్పుడు వేరే వాళ్ళ దగ్గర సూపర్‌వైజర్‌గా చేస్తున్నా, బాగానే చూస్తారు.

మీ నాన్నగారు భయపడింది తప్పు కాదు. నన్ను ముంచింది కరోనా ఒక్కటే కాదు, ఆ మూడు రూపాయల వడ్డీ కూడా. ఈ మాట ఆయనకి చదివి వినిపించు.

అంబాజీపేట_కొబ్బరి

నేను చిన్న కొబ్బరి వ్యాపారిని అండి, నాలుగైదు ఊళ్ళ రైతుల దగ్గర కాయ కొని మార్కెట్‌లో వేస్తాను. గుళ్ళు మూసేస్తే కొబ్బరికాయ ఏమైపోద్దో ఆలోచించండి. కొట్టేవాడు లేడు, పైకి వెళ్ళే లారీ లేదు. దింపు ఆపుదామంటే కాయ చెట్టు మీద ఆగదు, రాలిపోద్ది. రైతు నా మొహం చూస్తన్నాడు, నేను మార్కెట్ మొహం చూస్తన్నా.

మా నాన్న చెప్పాడు, కురిడీ కట్టెయ్యరా అని. వలవకుండా పీచుతో ఉన్న కాయని అటక మీద గాలాడేచోట పోసి వదిలేస్తే ఎనిమిది పది నెలలకి లోపల నీళ్ళు ఇంకిపోయి కొబ్బరి గుండు విడిపోద్ది, ఊపితే గలగలలాడాలి, అప్పుడు వలిచి అమ్ముకోవడం. పాతకాలం పద్ధతే, కాకపోతే డబ్బు అన్ని నెలలు ఇరుక్కుపోద్దని నాలాంటి చిన్నవాళ్ళం చెయ్యం. నేను రైతులతో ఒకటే చెప్పాను, మీకు ఇప్పుడు సగం ఇస్తాను, కాయ నా అటక మీద ఉంటది, అమ్మినప్పుడు వచ్చే రేటు బట్టి మిగతాది ఇస్తాను, లెక్క మీ కళ్ళ ముందే. పదకొండు మందిలో ఏడుగురు ఒప్పుకున్నారు. ఒప్పుకోని నలుగురిని తప్పు పట్టలేను, వాళ్ళకి డబ్బు అప్పుడే కావాలి.

రోజు గడవడానికి కొంచెం కాయ ఎండబెట్టి నూనె ఆడించి లీటరు సీసాల్లో ఊళ్ళోనే అమ్మాను. ఆగస్టులో గోదారి వచ్చింది, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, లంక ఊళ్ళో నా కాయ కొంత ఒకళ్ళ సావిట్లో ఉంది, పడవ వేసుకుని వెళ్ళి అటక ఎక్కించి వచ్చాం, కింద ఉన్న రెండు వేల కాయ తడిసిపోయింది. మిగతాది 2021లో అమ్మి రైతులకి ఇవ్వాల్సింది ఇచ్చేశాను, నాకు కూలి కన్నా కొంచెం ఎక్కువ మిగిలింది అంతే. కానీ ఆ ఏడుగురూ ఇవాళ్టికీ కాయ ఇంకొకళ్ళకి వెయ్యరు, రేటు రూపాయి ఎక్కువ ఇస్తామన్నా.

నరసాపురం_ఆవకాయ

నీది నాది ఒకటే లైను కాబట్టి ఒక్క ముక్క. 2020 ఏప్రిల్, మే అంటే సరిగ్గా ఆవకాయ సీజన్. మామిడికాయ దొరికింది, తోటలోంచి చవగ్గా కూడా దొరికింది, కారం ఆవపిండి ముందే కొని ఉన్నాం, ఆర్డర్లు కూడా వచ్చాయి. దొరకనిది ఏంటో తెలుసా? డబ్బాలు. ప్లాస్టిక్ జాడీలు, మూతలు, సీలు వేసే కాగితం, లేబుళ్ళు, అవి అమ్మే ఏ షాపూ తెరవలేదు. ముక్కలు ఊరిపోయి కూర్చున్నాయి, పెట్టడానికి డబ్బా లేదు. చుట్టుపక్కల వాళ్ళని గిన్నెలు తెచ్చుకోమని తూకం వేసి ఇచ్చేశాం. అప్పటినుంచి రెండు నెలలకి సరిపడా డబ్బాలు ఎప్పుడూ ఇంట్లో ఉంచుతాను. పెద్ద ఖర్చు కాదు.

పాలకొల్లు_పచ్చళ్ళు

ఇంత రాస్తారని అనుకోలేదండి, అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకి రాత్రి అన్నం తిన్నాక చదివి వినిపించాను, టెంట్‌హౌస్ గారిది రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన ఒక మాట అడగమన్నారు, అప్పుడు గవర్నమెంటు లోన్లు ఇచ్చింది అన్నారు కదా, తనకి ఎందుకు రాలేదు అని. బ్యాంకుకి రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చారట, మాకు ఎప్పుడూ చెప్పలేదు ఈ సంగతి.

భీమవరం_లెక్కలు

చిన్న వ్యాపారాల లెక్కలు రాయడం నా పని అండి. మీ నాన్నగారి ప్రశ్నకి సూటిగా చెప్తాను, ఆయన తప్పేమీ లేదు.

అప్పుడు వచ్చినవాటిలో మొదటిది మారటోరియం, 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది, ముందు మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 వరకు పెంచారు. అది వాయిదా మాత్రమే, మాఫీ కాదు, వడ్డీ నడుస్తూనే ఉంది, చాలామంది ఇది తెలియక తర్వాత కంగారు పడ్డారు. వడ్డీ మీద పడిన వడ్డీని 2 కోట్ల లోపు లోన్లకి తర్వాత కేంద్రం వెనక్కి ఇచ్చింది, అసలు వడ్డీ మాత్రం కట్టాల్సిందే. రెండోది ప్రభుత్వం పూచీ ఉన్న గ్యారంటీ లోను, 2020 మేలో పెట్టారు, కొత్తగా తాకట్టు అక్కర్లేదు, ఏడాది దాకా అసలు కట్టక్కర్లేదు. కానీ ఎంత ఇస్తారు? 2020 ఫిబ్రవరి 29 నాటికి మీకు ఉన్న లోను బాకీలో 20 శాతం. అంటే అప్పటికే బ్యాంకులో వ్యాపారం పేరు మీద అప్పు ఉన్నవాడికే. మీ నాన్నగారు 18 ఏళ్ళు సొంత డబ్బుతో, ఎవరికీ బాకీ లేకుండా హోటల్ నడిపారు, ఆయన బాకీ సున్నా, సున్నాలో 20 శాతం సున్నా. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి పెద్దమనుషులకి ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టంగా ఉండేది. తోపుడుబళ్ళ వాళ్ళకి 10,000 రూపాయల స్వనిధి లోను వచ్చింది, అది వీధి వ్యాపారులకి, షాపు ఉన్న హోటల్‌కి కాదు.

మీరు ఇప్పుడు చెయ్యాల్సింది నేను చెప్తాను. వ్యాపారం పేరు మీద బ్యాంకులో కరెంట్ అకౌంట్ తెరవండి, అమ్మకం మొత్తం అందులోంచే వెళ్ళాలి. ఉద్యమ్ అని చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ చేసుకోండి, ఫీజు లేదు. తినే వస్తువు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క సీసా కూడా అమ్మొద్దు. అవసరం లేకపోయినా బ్యాంకులో చిన్న ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ వాడుకునే వీలు) పెట్టుకుని అప్పుడప్పుడూ వాడి కట్టేస్తూ ఉండండి, చేతిలో డబ్బు ఉన్నప్పుడే బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది. షాపు అద్దె, కరెంటు, ఒక మనిషి జీతం, ఈ మూడూ నాలుగు నెలలకి ఎంతో లెక్కేసి అంత సొమ్ము పక్కన పెట్టకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఇంకోటి, అద్దె కాగితంలో ప్రభుత్వం మూయించిన రోజులకి సగం అద్దె అని ఒక లైను రాయించుకోండి. నా క్లయింట్లలో ఇద్దరు అలా రాయించుకున్నారు, ఓనర్లు ఒప్పుకున్నారు, అడిగితే కదా తెలిసేది.

పాలకొల్లు_పచ్చళ్ళు

సున్నాలో 20 శాతం సున్నా అని చదవగానే నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదండి. ఇన్నాళ్ళూ తనకే చేతకాలేదని అనుకున్నారు, ఆ మాట అన్నారు మా అమ్మతో. మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు.

తర్వాత లేచి వెళ్ళి బీరువా పైనుంచి హోటల్ ఖాతా పుస్తకం తీసుకొచ్చారు. నెలవారీ టిఫిన్ తినేవాళ్ళ పేర్లు అందులో ఉన్నాయి, ఆర్టీసీ డ్రైవర్లు, స్కూలు టీచర్లు, బట్టల షాపు గుమస్తాలు, రెండు వందల పైనే. అక్కా, ఒక్కటే ఇబ్బంది, పేర్లు ఉన్నాయి గానీ నంబర్లు లేవు. రామారావు పెసరట్టు అని ఉంది ఒకచోట, అంతే.

ఆత్రేయపురం_అక్క

పేరు పక్కన ఏం తింటాడో కూడా రాసుకున్న మనిషి తమ్ముడూ మీ నాన్న! నంబర్లు ఆయన్నే కనుక్కోమను, నువ్వు వెళ్ళకు. ఆయన బస్టాండ్‌కి వెళ్ళి నిలబడితే డిపోలో సగం మంది గుర్తుపడతారు. షాపు సంగతి తర్వాత, ముందు ఒక యాభై మందికి ఇంట్లోనే చేసి ఇవ్వండి, కందిపొడి, గోంగూర, ఏదో రెండే రకాలు.

మీ ఆవిడకి ప్యాకింగ్ గురించి అనుమానాలు ఉంటే మెసేజ్ పెట్టమను, నా నంబర్ ఇస్తాను. సాయంత్రం నాలుగు దాటాక చెయ్యమను, పొద్దున పొయ్యి దగ్గర ఉంటాను, చెయ్యి తీస్తే రేకు పోద్ది.

పాలకొల్లు_పచ్చళ్ళు

అలాగే అక్కా. నాన్న పొద్దున ఐదున్నరకే డిపోకి వెళ్ళారు, నైట్ డ్యూటీ దిగే డ్రైవర్లు ఆ టైంకి దొరుకుతారట. పుస్తకం చంకలో పెట్టుకుని, చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని. ఇప్పటికి 17 నంబర్లు రాసుకొచ్చారు.